నెల్లూరు బంతి

ఎనిమిదో తరగతిలో నా రెండో ఏడు మొదలైన రోజున అయ్యవారు నన్నే క్లాసు లీడరుగా నిలబెట్టారు. అనుభవం ఉన్నవాడు ముందుండాలని ఆయన ఉద్దేశం. మూడో ఏటికి నేనే పెద్దమనసు చేసుకుని తప్పుకున్నాను. కింది తరగతుల నుంచి వచ్చేవాళ్లకూ అవకాశం ఇవ్వాలి కదా. బడి మానిన వాడికి ఏదో ఒక విద్య ఉండాలని మా నాయన నన్ను అవ్వ పక్కన చాప మీద కూర్చోబెట్టి ఒక పాత కత్తెర చేతికిచ్చాడు. నేను చేసిన మొదటి గుడ్డ బంతిపువ్వును అవ్వ వేళ్లతో తడిమి, ఇది పువ్వా, ఈకలు పీకినాక మిగిలిన కోడా అని అడిగింది. అలా మొదలైనవాడిని, ఇవాళ ఆత్మకూరు బస్టాండు దగ్గర 'పండగ అలంకరణలు, గుడ్డ పూలు, తోరణాలు' అని బోర్డు కట్టుకుని బతుకుతున్నాను. బోర్డు మీద తప్పుల్లేవంటే దాన్ని రాయించింది మా ఆవిడ కాబట్టి.

మొన్నీమధ్య ఆ కొట్టుకు ఒక అమ్మాయి వచ్చింది. ఉదయగిరిలో ఒక శెట్టిగారి ఇంటికి కొత్తగా వచ్చిన కోడలట. సంచిలోంచి ఒక పాత తోరణం తీసి, పసిబిడ్డను దించినట్టు బల్ల మీద దించింది. ఆకుపచ్చ మామిడాకులు, వాటి మధ్యన నీలం బంతిపూలు. రంగు వెలిసి, ఒక పక్క పురుగు కొట్టి ఉంది. "అంకుల్, ఇది మా అత్తగారి అత్తగారి కాలం నాటిది. ఉదయగిరిలో గుమ్మానికి నీలం బంతులే కట్టాలంట. పాత ఆచారం. దీన్ని బాగుచేసి, ఇట్లాంటిదే ఇంకొకటి చేసిస్తారా?" అంది. ఆచారం ఎప్పటినుంచి అని అడిగాను. పూర్వం నుంచి అంది. నేను కళ్లజోడు పెట్టుకుని పువ్వును వెనక్కి తిప్పి చూశాను. అడుగున దారాన్ని రెండుసార్లు అడ్డంగా వేసి, కత్తెర వాడకుండా పంటితో తెంపిన కుట్టు. ఆ పన్ను ఎవరిదో నాకు తెలుసు. పూర్వం ఎప్పుడు మొదలైందో కూడా తెలుసు, ఎందుకంటే దాన్ని మొదలుపెట్టింది నేనే. అమ్మాయికి చేసిస్తానని మాత్రం చెప్పి పంపించాను. ఆమె వెళ్లాక చాలాసేపు ఆ తోరణం ముందే కూర్చున్నాను. గిరాకీ వచ్చి పోతున్నా లేవబుద్ధి కాలేదు.

మేము దూదేకులవాళ్లం. ఉదయగిరిలో మా వీధిలో సగం ఇళ్లు చెక్క గరిటెలు చెక్కేవి, మిగతా ఇళ్లు ఆ పొట్టుతో పొయ్యి వెలిగించుకునేవి. మా ఇల్లు మాత్రం దూది వాసన. తాతల నాటి దూది ఏకే విల్లు గోడకు వేలాడుతుండేది. ఫోము పరుపులు వచ్చాక దాన్ని దించేవాళ్లు లేరు, పారేసే ధైర్యం ఉన్నవాళ్లూ లేరు. పాత పరుపులు విప్పి మళ్లీ నింపే పని మాత్రం నాయనకు మిగిలింది. ఆయన దగ్గితే నోట్లోంచి దూది పోగులు వస్తాయేమో అన్నట్టు ఉండేది. పొద్దున్నే అమ్మ వాకిలి ఊడ్చి, బొగ్గుల పెట్టె ఇస్త్రీకి నిప్పులు రాజేసేది. ఆ వేడికి గుడ్డలోంచి లేచే ఉన్ని కమురు, మూలన మూటల్లోంచి కలరా ఉండల ఘాటు, అవ్వ నోట్లోని ఆకువక్క, శుక్రవారమైతే సాంబ్రాణి. ఈ నాలుగూ కలిస్తే మా ఇల్లు. కళ్లకు గంతలు కట్టి ఊరంతా తిప్పినా ఆ వాసన పట్టుకుని గడపలోకి వచ్చేసేవాణ్ని. బళ్లో నేర్పిన ఏ పాఠమూ నాకు అంత బాగా రాలేదు.

పూలపని అవ్వది. ఆమె పేరు హుసేనమ్మ, మా నాయన తల్లి. కోటు కాలరు కింద కుట్టే మందపాటి ఉన్ని గుడ్డ ఉంటుంది, ఇప్పటి పిల్లలు ఫెల్ట్ అంటున్నారు, మేము మందగుడ్డ అనేవాళ్లం. దానికి నేత ఉండదు, కాబట్టి ఎక్కడ కోసినా అంచు పీచు లేవదు. మద్రాసు నుంచి వచ్చే లారీల్లో రంగు రంగుల ముక్కలు తెప్పించుకునేది. పొడుగు పట్టీ కోసి, నిలువునా మడిచి, మడత మీద దువ్వెన పళ్ల మాదిరి గాట్లు పెట్టి, బిగించి చుట్టి అడుగున కుట్టేస్తే అది విచ్చుకున్న బంతిపువ్వు. చెప్పడం ఇంత తేలిక. గాటు కొంచెం లోతైతే రెక్క రాలుతుంది, తక్కువైతే పువ్వు మొగ్గలాగే మొండికేస్తుంది. ఉగాదికి తోరణాలు, వినాయక చవితికి పందిరి పూలు, అనుమసముద్రంపేట ఉరుసుకు చాదర్ల అంచులు, రంజానుకు పసిపిల్లల టోపీల మీద చిన్న పూలు. ఏ దేవుడికి పండగ వచ్చినా మా ఇంట్లో అన్నం ఆలస్యమయ్యేది. అవ్వ తన కత్తెరను దారంతో నడుముకు కట్టుకుని ఉండేది. దాన్ని ఎవరూ ముట్టుకోకూడదు. నిద్రలో కూడా విప్పదు. ఈ ముసిల్ది పోయాక మనకు కత్తెర దొరుకుతుందనుకోకండి, అదీ నాతోనే వస్తాది అని నవ్వేది.

రంగు ముక్కలను ఆమె పాత చీర గుడ్డల్లో మూటలు కట్టి పెట్టుకునేది. పసుపు మూటకు ఒక ముడి, ఎరుపుకు రెండు, నీలానికి మూడు. ఆకుపచ్చ మాత్రం బిస్కెట్ల డబ్బాలో ఉండేది. మేమంతా దాన్ని అవ్వ చాదస్తం అనుకున్నాము. మూట విప్పకుండానే ముడి తడిమి, కావలసింది లాక్కుని, ఊళ్లో వాళ్ల మీద కబుర్లు చెబుతూ కోసుకుంటూ పోయేది. చూడకుండానే కోస్తుంది చూడండి, చేతికి కళ్లున్నాయి అని వచ్చినవాళ్లు మెచ్చుకునేవాళ్లు. చూడకుండా కోస్తుందన్నది అక్షరాలా నిజమని మాకు ఆలస్యంగా తెలిసింది.

తెలియజేసిన పుణ్యం మా బీబమ్మత్తది. నాయన చెల్లెలు, అనుమసముద్రంపేటలో కాపురం. ఎప్పుడొచ్చినా మా ఇంటిని మాకంటే శుభ్రంగా చేసి పోయేది, పోయాక వారం రోజులు మాకు ఏ వస్తువూ దొరికేది కాదు. ఆసారి మూటల గుడ్డలు మురికిపట్టాయని అన్నీ విప్పి, ఉతికి, ఆరేసి, మళ్లీ కట్టింది. గుడ్డ పొడుగ్గా ఉంటే మూడు ముడులు, పొట్టిగా ఉంటే ఒకటి. ముచ్చటగా కట్టి, వరసగా పేర్చి, బస్సెక్కింది. అదే వారంలో బజార్లో రత్నమ్మగారు కొత్త ఇంటి గృహప్రవేశానికి గుమ్మం తోరణం చెప్పారు. ఆమె కిరాణా శెట్టిగారి భార్య. ఉదయగిరిలో ఎవరి ఇంట్లో ఏ రంగు చీర కొనాలన్నా ముందు ఆమె ఏది కట్టిందో చూసేవాళ్లు. ఆ తోరణం నచ్చితే ఆ బజారంతా మాది, నచ్చకపోతే నెల్లూరు నుంచి వచ్చే ప్లాస్టిక్ పూలది.

గృహప్రవేశం ముందురోజు మధ్యాహ్నం అవ్వ తోరణం పూర్తి చేసి, పక్కన పెట్టి, భోజనానికి ముందు కాళ్లు కడుక్కోవడానికి లేచింది. అమ్మ దాన్ని మడుద్దామని చేతిలోకి తీసుకుని అట్లాగే నిలబడిపోయింది. మామిడాకులు ఆకుపచ్చగా ఉన్నాయి. బంతిపూలు ఒక్కటి తప్పకుండా నీలంగా ఉన్నాయి. ఇంత అందమైన బంతులు అవ్వ ఎప్పుడూ చేయలేదు, ఆ రంగు బంతులు దేవుడూ ఎప్పుడూ చేయలేదు. నాయన పెరట్లోంచి వచ్చి చూశాడు. మూటలు చూశాడు, ముడులు చూశాడు, చెల్లెల్ని తలుచుకున్నాడు. అవ్వకు రంగులు కనిపించడం మానేసి చాలాకాలమైందని ముగ్గురికీ ఒకేసారి అర్థమైంది.

మా భయం తోరణం గురించి కాదు. అవ్వకు అత్త ఒకామె ఉండేదట, నాయనకు నాయనమ్మ. కళ్లు మసకలు కమ్మిన రోజున ఇంట్లోవాళ్లు ఆమె చేతిలో పని తీసేసి, మూలన చాప వేసి, పత్తిలో గింజలు ఏరమని కూర్చోబెట్టారట. ఏరిన గింజలను సాయంత్రం మళ్లీ పత్తిలో కలిపేసి, తెల్లారి మళ్లీ ఏరమనేవాళ్లట, ఆమెకు పొద్దు పోవాలని. ఈ కథ అవ్వ నవ్వకుండా చెప్పిన ఒకే ఒక్క కథ. నా చేతిలోంచి కత్తెర పోయిన దినాన నాకూ అదే చాప అని ప్రతిసారీ ముగించేది. కళ్లు కనపడటం లేదని చెప్పడమంటే కత్తెర ఇచ్చెయ్యమని అడగడమే. "చెప్పాల్సిందే. రేపు చెయ్యి కోసుకుంటాది," అన్నాడు నాయన. ఎవరు చెబుతారని అమ్మ అడిగింది. ఇద్దరూ నా వైపు చూశారు. ఊళ్లో ఎవరి పెళ్లిలోనైనా, ఎవరి చావులోనైనా గుక్క తిప్పుకోకుండా మాట్లాడేవాణ్ని నేనే కదా.

వెళ్లాను. అవ్వ గడప దగ్గర కాళ్లు తుడుచుకుంటోంది. నేను నోరు తెరిచేలోపే నా చేతిలోని తోరణాన్ని తడిమి, ఒక పువ్వును ఎండకేసి ఎత్తి పట్టుకుంది. "ఈసారి పసుపు బాగా వచ్చింది గదరా మస్తానూ? మద్రాసోడు మంచి గుడ్డ పంపించినాడు," అంది. ఆ ముఖంలో అంత తృప్తి నేను అంతకుముందు చూడలేదు. "బంగారం మాదిరి ఉండాదవ్వా," అన్నాను. వెనక అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకోవడం, నాయన దొంగదగ్గు దగ్గడం వినిపించాయి.

ఒకసారి బంగారం అన్నాక దాన్ని అమ్మాల్సిన బాధ్యత కూడా నాదే. మళ్లీ చేయించే వ్యవధి లేదు. రత్నమ్మగారి కొత్తింటికి నేనే పట్టుకెళ్లాను. ఆమె విప్పి చూసి కళ్లు చిన్నవి చేసింది. "ఏంది మస్తానూ ఇది? బంతిపూలు నీలంగా ఉండాయి?" అంది. చుట్టూ బంధువుల ఆడవాళ్లు పదిమంది ఉన్నారు. నేను ఆశ్చర్యపోయినట్టు చూసి, "నెల్లూర్లో ఇప్పుడంతా ఇదే గదమ్మా. పసుపు కట్టేవాళ్లు ఇంకా ఉండారా అని నవ్వతా ఉండారంట. మీకు తెలిసే ఉంటాదని అవ్వ ఇవి చేసింది," అన్నాను. రత్నమ్మగారు ఒక్క క్షణం నన్ను చూసింది, ఒక్క క్షణం బంధువులను చూసింది. "నాకు తెలవకేంది? మా చెల్లెలు పోయిన నెల్లోనే చెప్పింది. నీకు తెలుసో లేదో అని అడిగినాను," అంది. తోరణం గుమ్మానికి ఎక్కింది. అవతలి పక్క ఎవరో ఆవిడ, మా ఆడబిడ్డ కూడా అదే అనింది అని అందుకుంది. ఆ చెల్లెలూ ఆడబిడ్డా ఎవరో నాకు ఇప్పటికీ తెలియదు. వాళ్లకు నేను రుణపడి ఉన్నాను.

దసరా వచ్చేసరికి బజారంతా నీలం బంతులు అడిగింది. ఇక్కడే చిక్కు. అడగడానికి వచ్చేవాళ్లు అవ్వ ఎదుట నీలం అనకూడదు. అందుకని నేను వీధి మొగలోనే ఎదురెళ్లి, వాటిని నెల్లూరు బంతి అనాలని, రంగు పేరు చెప్పి అడిగేవాళ్లను పల్లెటూరివాళ్లనుకుంటారని చెప్పి లోపలికి పంపేవాణ్ని. ఒక్కరూ ఎదురు మాట్లాడలేదు. నెల్లూరు బంతి అంటే సైజు పెద్దదేమో అనుకుని అవ్వ గాట్లు ఇంకొంచెం లోతుగా పెట్టేది. అమ్మ ఒక ముడి మూటలో నీలం గుడ్డ నింపి పెట్టేది. నాయన లారీవాడికి నీలం ఎక్కువ తెమ్మని చెప్పాడు. మా ఇంట్లో అబద్ధానికి ఇంత మంది కూలీలు పనిచేయడం అదే మొదలు. వింజమూరు నుంచి కూడా మనుషులు వచ్చారు. నా పనితనం ఇప్పుడు తెలిసిందిరా ఈ ఊరికి అని అవ్వ ఆకువక్క నములుతూ మురిసిపోయేది.

ఆమె చెయ్యి కోసుకుంటుందేమోనన్న నాయన భయం మాత్రం పోలేదు. కంటి డాక్టరు మాట మెల్లగా ఎత్తితే, నా కండ్లకేమైంది, కండ్లు పోయినదానికి ఇంత గిరాకీ వస్తాదా అని అవ్వ అడిగేది. దానికి ఉన్న ఒక్క జవాబునూ మేమే ఊరంతా తోరణాలు కట్టి మూసేశాం. అట్లా రెండు దసరాలు గడిచాయి. చివరికి ముసలివాళ్ల కళ్లు చూస్తూ ఇల్లిల్లూ తిరుగుతున్న నర్సమ్మ ఒకామె మా వాకిట్లో చెప్పులు కూడా విప్పకుండా, టార్చిలైటు వేసి చూసి, "రెండు కండ్లూ పొర కమ్మినాయి పెద్దమ్మా, ఆత్మకూరు క్యాంపుకి రా, తీసేస్తారు," అని చెప్పి పక్కింటికి పోయింది. రెండేళ్లు మేము మింగిన మాట ఆమె నిలువుకాళ్ల మీద చెప్పేసింది. అవ్వ కోప్పడుతుందనుకున్నాం. ఆమె కత్తెర దారాన్ని వేలికి చుట్టుకుంటూ, "తీసేస్తారంటనా? తీసినాక పని చేసుకోవచ్చంటనా?" అని మాత్రం అడిగింది. చేసుకోవచ్చని నేను చెప్పాను. ఆ ఒక్క మాటా నిజం.

ఆత్మకూరుకు నేనే తీసుకెళ్లాను. ముందొక కన్ను, మళ్లీ కొన్నాళ్లకు ఇంకొకటి. నల్లద్దాలు పెట్టి పంపించారు. అవి ఉన్నంతకాలం ఊరంతా ఆమెకు ఒకే రంగు, మాకు క్షేమం. డాక్టరు చెప్పిన గడువు దాటినా, ఎండ మంచిది కాదవ్వా, ఇంకొన్నాళ్లు ఉంచుకో అని నేను బతిమాలేవాణ్ని. నా మనవడికి నామీద ఎంత ప్రేమో అని ఆమె ఇరుగుపొరుగుకు చెప్పుకునేది.

ఇప్పటి రోజులే అయితే ఇదంతా జరిగేది కాదు. ఇప్పుడు మందగుడ్డ ప్యాకెట్లలో వస్తుంది, ప్రతి రంగుకూ ఒక నంబరు, ఆ నంబరు చూడటానికి కళ్లు, కళ్లకు ప్రతి వీధిలో ఒక ఆసుపత్రి. కుట్టేవాళ్లు లేరు, వేడి జిగురు తుపాకీతో అంటించేస్తారు. నా కొట్లో పనిచేసే అమ్మాయిలు ఫోన్లో చూసి సాయంత్రానికి గులాబీలు నేర్చుకుంటారు, పొద్దుటికి నాకు నేర్పుతారు. అవ్వ తోరణం ఇవాళ గనక నీలంగా వచ్చి ఉంటే, రత్నమ్మగారు ఫొటో తీసి ఫోన్లో ఒక్క స్టారు ఇచ్చి, రంగు మారింది, మోసం అని రాసేది. సాయంత్రానికి ఊరంతా చదివేది, అవ్వ చేతిలోంచి కత్తెర పోయేది, బహుశా తర్వాతి వారమే ఆపరేషనూ అయ్యేది. ఏది మేలో నేను చాలాసార్లు లెక్కవేసుకున్నాను. లెక్కల్లో నేను ఎప్పుడూ ఫెయిలే.

ఒకరోజు నేను బజారుకు వెళ్లి వచ్చేసరికి నల్లద్దాలు గూట్లో ఉన్నాయి. అవ్వ మూటలన్నీ విప్పి చాప మీద పరిచి, ఏ రంగుకు ఆ రంగు వేరు చేస్తోంది. బీబమ్మ ఎప్పుడో మూటలు కలిపేసినట్టుందిరా అని మాత్రం అంది. నేను ఊఁ అన్నాను. రెండు రోజులు కూర్చుని నిండు పసుపు బంతులతో ఒక తోరణం చేసింది. నా కళ్లతో చూసి చేసిన మొదటిది రత్నమ్మకే ఇస్తాను, నన్ను నిలబెట్టింది ఆ తల్లే అంది. ఆపాలని చూశాను, ఆగలేదు. బజారు వీధిలోకి తిరిగేసరికి ఈ చివర నుంచి ఆ చివరకు ప్రతి గుమ్మానా నీలం బంతులే. అవ్వ నడక మెల్లబడింది. ఒక్కో గుమ్మం దగ్గర ఆగి, కళ్లు చిట్లించి, తన కుట్టును తాను గుర్తుపట్టి, మళ్లీ నడిచింది. నేను జీవితంలో మొదటిసారి మాట్లాడకుండా అంత దూరం నడిచాను.

రత్నమ్మగారు పసుపు తోరణాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, చాలా జాలిగా అవ్వ భుజం మీద చెయ్యి వేసింది. "ఆపరేషను సరిగ్గా చేసినట్టు లేదవ్వా. ఇంకా నీకు రంగులు తెలవటంలా. బంతిపువ్వు పసుపుగా ఉండాది చూడు," అంది.

అవ్వ ఆ తోరణాన్ని మడిచి సంచిలో పెట్టుకుని, ఈసారి సరిగ్గా చేసి పంపిస్తానమ్మా అని చెప్పి తిరిగి వచ్చింది. ఇంటికొచ్చి చాప మీద కూర్చుంది, నీలం గుడ్డ ముందుకు లాక్కుంది, పట్టీ కోయడం మొదలుపెట్టింది. రెండు కళ్లూ శుభ్రంగా కనపడుతుండగా ఆమె కోసిన మొదటి నీలం బంతి అది. ఇక దాచి లాభం లేదని మొదటి నుంచీ అంతా చెప్పేశాను. ముడుల సంగతి, బంగారం మాదిరి అన్న మాట, రత్నమ్మగారి చెల్లెలు, వీధి మొగలో నా కాపలా. చెబుతూ చెబుతూ నాకే హుషారు పుట్టింది. నీ కత్తెర పోకుండా ఊరందరినీ ఒక్క నోటితో ఎట్లా తిప్పానో చూడవ్వా అన్నాను. మెచ్చుకుంటుందనే అనుకున్నాను. అవ్వ గాట్లు పెట్టడం ఆపలేదు, తలెత్తనూ లేదు.

"ఇంత నోరు పెట్టుకోని, ఒక్క ముసిలిదానికి కండ్లు పోయినాయని చెప్పలేక, ఊరందరి కండ్లూ పోగొట్టినావు గదరా. నాకైతే ఆత్మకూర్లో క్యాంపు పెట్టినారు. వాళ్లని యాడికి తోలుకుపోతావు?"